మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా? – మగతనం, ఆడతనం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు కూర్చుని కల్పించినవి కావు. చాలా ఏళ్ళుగా డిగ్రీ పిల్లలకు సైకాలజీ చెబుతున్నాను. క్లాసులో, పేరెంట్స్ మీటింగ్ అయ్యాక వరండాలో, పెళ్ళిళ్ళలో భోజనాల దగ్గర జనం నన్ను అడిగినవే ఇవి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో తేలిపోతుంది. కొన్నిటికి కాస్త ఓపిగ్గా కూర్చోవాలి.

మూసభావన అంటే అసలేమిటి? మామూలు అభిప్రాయానికీ దానికీ తేడా ఏముంది?

కరిగిన లోహాన్ని మూసలో పోస్తే మూస ఆకారమే వస్తుంది. మనుషుల విషయంలోనూ మనం అదే చేస్తాం. ఎదుటి మనిషిని ఇంకా చూడకముందే, పేరు వినగానే, "అమ్మాయా? అయితే సున్నితంగా ఉంటుంది", "అబ్బాయా? అయితే లెక్కల్లో దిట్ట" అని ఒక ఆకారం తయారు చేసుకుంటాం. అచ్చు యంత్రాల కాలం నాటి 'స్టీరియోటైప్' అనే ముద్రణ మాటను 1922లో అమెరికన్ పాత్రికేయుడు వాల్టర్ లిప్‌మన్ ఈ అర్థంలో వాడాడు. ఒకసారి పలక పోతపోస్తే ఎన్ని కాపీలైనా అదే అచ్చు పడుతుంది కదా, అదీ పోలిక.

మనసు ఇలా వర్గాలు కట్టుకోవడం తప్పేమీ కాదు, అది లేకపోతే రోజు గడవదు. చిక్కు ఎక్కడొస్తుందంటే, "అమ్మాయిలు ఓర్పుగా *ఉంటారు*" అన్న మాట మన నోట్లోనే "అమ్మాయిలు ఓర్పుగా *ఉండాలి*" అయిపోతుంది. మొదటిది వర్ణన, రెండోది శాసనం. వర్ణన తప్పని తేలితే మనకు ఆశ్చర్యం కలుగుతుంది. శాసనాన్ని ఎవరైనా మీరితే కోపం వస్తుంది, మీరినవాళ్ళకు శిక్ష పడుతుంది. కింద వచ్చే జవాబుల్లో సగం ఈ ఒక్క అక్షరాల మార్పు చుట్టూనే తిరుగుతాయి.

మగతనం, ఆడతనం కొలవగలిగే విషయాలా?

కొలవాలని చాలా ప్రయత్నించారు. ఆ ప్రయత్నాల చరిత్రే పెద్ద పాఠం.

తెలివితేటల పరీక్షలతో పేరు తెచ్చుకున్న లూయిస్ టర్మన్, క్యాథరిన్ కాక్స్ మైల్స్‌తో కలిసి 1936లో ఒక పరీక్ష ప్రకటించాడు. దేన్ని కొలుస్తున్నారో రాసేవాళ్ళకు తెలియకూడదని దానికి వేరే పేరు పెట్టారు. ఎక్కువమంది మగవాళ్ళు ఇచ్చే జవాబు మీరూ ఇస్తే మీ ఖాతాలో మగతనం, ఎక్కువమంది ఆడవాళ్ళు ఇచ్చే జవాబు ఇస్తే ఆడతనం. మొత్తం ఒకే గీత, ఆ కొసన ఒకటి, ఈ కొసన ఒకటి. ఒకవైపు జరిగితే రెండోది తగ్గిపోవాల్సిందే. ప్రేమగా మాట్లాడే మగవాడికి ఆ మేరకు మగతనం తగ్గినట్టే లెక్క!

1973లో ఆన్ కాన్‌స్టాంటినోపుల్ అనే మనస్తత్వవేత్త ఆ గీతనే ప్రశ్నించింది. ఇవి రెండూ ఒకదానికొకటి వ్యతిరేకమని ఎవరు చెప్పారు? ఆ మరుసటి ఏడాదే శాండ్రా బెమ్ కొత్త కొలత తెచ్చింది. మొత్తం 60 లక్షణాలు. వాటిలో అమెరికన్ సమాజం మగవాడిలో మెచ్చేవి 20, ఆడమనిషిలో మెచ్చేవి 20, ఎటూ చెందనివి 20. ఒక్కొక్కటి మీకు ఎంత వర్తిస్తుందో 1 నుంచి 7 దాకా మార్కులు వేసుకోవాలి. రెండు లెక్కలూ విడివిడిగా తీస్తే రెండింట్లోనూ ఎక్కువ వచ్చినవాళ్ళు బోలెడుమంది కనిపించారు. పట్టుదల, జాలి ఒకే మనిషిలో హాయిగా కాపురం చేస్తున్నాయన్నమాట.

ఆ జాబితాలో 'ఇతరుల మాటకు తలొగ్గడం' అనే అర్థమొచ్చే మాట ఆడవాళ్ళ వైపు ఉంది. మన ఇళ్ళలో దాని పేరు సర్దుకుపోవడం. అమెరికన్ విద్యార్థులు ఎంచిన మాట మన అమ్మలక్కల నోట్లో రోజూ నలిగేదే కావడం నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

నా క్లాసులో ఏటా ఒక పని చేయిస్తాను. బోర్డు మీద మధ్యలో గీత గీసి, 'మగ' అనగానే తోచేవి ఒకవైపు, 'ఆడ' అనగానే తోచేవి ఇంకోవైపు రాయమంటాను. ధైర్యం, కోపం, సంపాదన ఒకవైపు నిండుతాయి. ఓర్పు, అందం, అమ్మ ఇంకోవైపు. ఒక ఏడాది రెండో బెంచీ అమ్మాయి సుద్దముక్క పట్టుకుని బోర్డు దాకా వచ్చి ఆగిపోయింది. "మేడమ్, ధైర్యం రెండు వైపులా రాయొచ్చా?" అంది. వాళ్ళమ్మ తెల్లవారుజామున మూడు గంటలకు పూలమార్కెట్‌కు ఒక్కతే వెళ్ళి వస్తుందట. రాయమన్నాను. వెనక బెంచీ అబ్బాయి లేచి, "అయితే ఓర్పు కూడా ఇటు రాయండి మేడమ్, మా నాన్న ఆటో నడుపుతాడు" అన్నాడు. బెమ్ చెప్పింది వివరించడానికి నాకు ఆ రోజు పాఠ్యపుస్తకం అవసరం పడలేదు.

అయితే ఆడ, మగ మనస్తత్వాల్లో తేడాలే లేవంటారా?

అలా అనను. ఉన్నవి ఉన్నాయి, కానీ మనం ఊహించుకున్నంత లేవు. అమెరికన్ మనస్తత్వవేత్త జానెట్ షిబ్లీ హైడ్ 2005లో అప్పటిదాకా వచ్చిన 46 సమగ్ర విశ్లేషణల (ఒకే ప్రశ్న మీద జరిగిన ఎన్నో పరిశోధనలను కలిపి తీసిన లెక్కల) ఫలితాలను ఒకచోట చేర్చి చూసింది. లెక్కలు, భాష, ఆత్మగౌరవం, నాయకత్వం వంటి అంశాలన్నీ కలిపితే, తేడాల్లో 78 శాతం చాలా చిన్నవి లేదా దాదాపు సున్నా. బంతి ఎంత వేగంగా విసరగలరన్న దాంట్లో తేడా చాలా పెద్దది. శారీరక దూకుడులో ఓ మాదిరి తేడా ఉంది. లెక్కల్లో లేనట్టే.

సగటులో తేడా ఉన్నా అది మీ ఎదురుగా ఉన్న మనిషి గురించి ఏమీ చెప్పదు. మగవాళ్ళ సగటు ఎత్తు ఎక్కువే. అయినా మీ వీధిలో చాలామంది మగవాళ్ళకంటే పొడుగైన ఆడవాళ్ళు ఉండే ఉంటారు. ఎత్తులాంటి పెద్ద తేడాలోనే అలా ఉంటే, చిన్న తేడాల సంగతి చెప్పేదేముంది?

అంతా హార్మోన్ల వల్లే కదా?

హార్మోన్ల పాత్ర ఉంది, దాన్ని కొట్టిపారేయడం నిజాయితీ కాదు. పుట్టుకతోనే అడ్రినల్ గ్రంథి సమస్య వల్ల గర్భంలో ఆండ్రోజన్లు (మగ హార్మోన్లు) ఎక్కువగా సోకిన ఆడపిల్లలు, సగటున, బండ్లూ కార్ల వంటి బొమ్మల వైపు ఎక్కువ మొగ్గుతారని పలు పరిశోధనల్లో తేలింది. "ఇద్దర్నీ ఒకేలా పెంచాం, అయినా వాడు కార్లే పట్టుకుంటాడు" అనే తల్లిదండ్రులు అబద్ధం చెప్పడం లేదు. వాడి కార్లు వాడికివ్వండి.

అయితే హార్మోను మనిషిని నడిపినట్టే, మనిషి చేసే పని హార్మోనునూ నడుపుతుంది. ఫిలిప్పీన్స్‌లోని సెబూలో 624 మంది యువకులను కొన్నేళ్ళపాటు గమనించి 2011లో ఫలితాలు ప్రకటించారు. తండ్రులైనవాళ్ళలో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను బాగా తగ్గింది. రోజుకు మూడు గంటలు, అంతకుమించి పిల్లల పనులు చూసుకునే తండ్రుల్లో అది మరీ తక్కువగా ఉంది. పసిబిడ్డను ఎత్తుకోవడానికి మగవాడి శరీరం కూడా సిద్ధమవుతుందని దీన్నిబట్టి అనుకోవచ్చు. బిడ్డ ఏడవగానే "వాళ్ళమ్మకివ్వండి" అనే మనం మాత్రం ఆ అవకాశం రానివ్వం.

ఈ భావాలు పిల్లలకు ఏ వయసులో పట్టుకుంటాయి?

పిల్లలకంటే ముందు మనకు పట్టుకుంటాయి. 1976లో కాండ్రీ దంపతులు చేసిన ప్రయోగంలో, తొమ్మిది నెలల బిడ్డ వీడియో ఒకటి రెండు వందల మందికి పైగా చూశారు. పెట్టె మూత తెరుచుకుని బొమ్మ ఎగిరి పైకి లేస్తుంది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుస్తుంది. మగబిడ్డ అని చెప్పినవాళ్ళకు ఆ ఏడుపులో ఎక్కువగా కోపం కనిపించింది. ఆడబిడ్డ అని చెప్పినవాళ్ళకు భయం కనిపించింది. బిడ్డ అదే, ఏడుపూ అదే.

టీకాల రోజున ఆరోగ్య కేంద్రం దగ్గర అరగంట నిలబడితే ఇది కళ్ళారా చూడొచ్చు. మొన్న మా చెల్లెలి కూతురితో వెళ్ళాను. ముందు వరసలో నాలుగేళ్ళవాడికి సూది పడింది. పెదవి వణికింది, కళ్ళు నిండాయి. నానమ్మ వెంటనే "మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా? అందరూ చూస్తున్నారు" అంది. వాడు నీళ్ళు దిగమింగాడు. గొంతు కింద గుటక కదలడం నాకు కనిపించింది. వాడి వెనకే అదే వయసు పిల్ల. సూది గుచ్చకముందే వాళ్ళమ్మ "అయ్యో బంగారం, నొప్పేస్తుంది కదా" అని కళ్ళు మూసింది. ఇద్దరూ ఆ రోజు ఏదో నేర్చుకునే ఇంటికి వెళ్ళారు. ఆ నానమ్మది కఠినమైన మనసు కాదు, బయటికి రాగానే వాడికి ఐస్ కొనిపెట్టింది. వాడు రేపు లోకంలో నెగ్గుకురావాలంటే ఇది తప్పదని ఆమె నమ్మకం.

రెండు మూడేళ్ళకే పిల్లలు తాము అబ్బాయో అమ్మాయో చెప్పగలరు. ఐదారేళ్ళకు మూస ఎంత గట్టిపడుతుందంటే కళ్ళతో చూసినదాన్ని కూడా మార్చేస్తుంది. 1983లో మార్టిన్, హాల్వర్సన్ ఆ వయసు పిల్లలకు బొమ్మలు చూపించారు. కొన్నిటిలో 'మగ' పని అమ్మాయి, 'ఆడ' పని అబ్బాయి చేస్తుంటారు. వారం తర్వాత అడిగితే చాలామంది పిల్లలు ఆ బొమ్మల్లో మనుషులనే మార్చి చెప్పారు.

ఇంకోటి, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. 2017లో లిన్ బియాన్, ఆమె సహచరులు అమెరికాలో చేసిన అధ్యయనంలో, ఐదేళ్ళ అమ్మాయిలూ అబ్బాయిలూ "చాలా చాలా తెలివైనవాళ్ళు ఎవరు?" అంటే తమవైపువాళ్ళనే సమానంగా చూపించారు. ఆరేళ్ళకు వచ్చేసరికి అమ్మాయిలు తమవైపు చూపించడం తగ్గిపోయింది. బాగా తెలివైనవాళ్ళ కోసమని చెప్పిన ఆట మీద ఆసక్తీ తగ్గింది. అదే వయసులో, మంచి మార్కులు ఎవరికొస్తాయంటే మాత్రం అమ్మాయిలకే అంటున్నారు. మార్కులు చూసి కూడా తెలివిని నమ్మలేకపోయారు.

నిప్పు లేనిదే పొగ రాదు కదా? మూసభావనల్లో కొంత నిజం ఉండబట్టే పుట్టి ఉంటాయి.

మంచి ప్రశ్న. మనస్తత్వవేత్త ఆలిస్ ఈగ్లీ దీనికి 1987లో ఇచ్చిన వివరణ నాకు నచ్చుతుంది. సమాజం ఎవరికి ఏ పని అప్పగించిందో రోజూ చూస్తాం. చూసి, ఆ పనికి కావలసిన గుణం వాళ్ళ పుట్టుకలోనే ఉందనుకుంటాం. పిల్లల్ని, ముసలివాళ్ళని చూసుకునేది ఎప్పుడూ ఆడవాళ్ళే అయితే, వాళ్ళకు సహజంగానే జాలి ఎక్కువ అనిపిస్తుంది.

మన దేశంలో ఆ అప్పగింత ఎలా ఉందో, జనం ఏ పనికి ఎంత సమయం పెడతారో లెక్కగట్టిన 2019 టైమ్ యూజ్ సర్వే చెబుతుంది. ఆరేళ్ళు పైబడినవాళ్ళలో రోజులో ఏదో ఒక ఇంటిపని చేసినవాళ్ళు ఆడవాళ్ళలో 81.2 శాతం, మగవాళ్ళలో 26.1 శాతం. చేసినవాళ్ళు వెచ్చించిన సమయం చూస్తే ఆడవాళ్ళు 299 నిమిషాలు, మగవాళ్ళు 97. అంటే నలుగురు మగవాళ్ళలో ముగ్గురు ఆ రోజు ఇంట్లో చెంచా కూడా కడగలేదన్నమాట. మళ్ళీ 2024లో చేసిన సర్వేలోనూ లెక్క పెద్దగా మారలేదు. ఆడవాళ్ళు 289 నిమిషాలు, మగవాళ్ళు 88.

పని మారితే భావన మారుతుందనడానికి కూడా రుజువుంది. 1946 నుంచి 2018 దాకా అమెరికాలో జరిగిన సర్వేల్లో 30 వేలమందికి పైగా ఇచ్చిన జవాబుల్ని ఈగ్లీ బృందం 2020లో పరిశీలించింది. ఆడవాళ్ళు చదువుల్లోకి, ఉద్యోగాల్లోకి వచ్చేకొద్దీ తెలివితేటల విషయంలో 'ఇద్దరూ సమానమే' అనేవాళ్ళు పెరిగారు. కానీ 'ఆప్యాయత ఆడవాళ్ళదే' అనే నమ్మకం తగ్గకపోగా ఇంకా బలపడింది. ఉద్యోగం చేస్తూ ఇంటి సేవా వాళ్ళే చేస్తున్నారు కదా మరి.

ఈ మూసలు అన్ని చోట్లా ఒకటేనా?

ఒకటే అయితే పుట్టుకతో వచ్చినవని ఒప్పుకోవాల్సి వచ్చేది. కాదు కాబట్టే ఈ చదువు మీద నాకింత ఆశ.

కంప్యూటర్ల సంగతి చూడండి. అమెరికాలో తొలితరం ఎలక్ట్రానిక్ కంప్యూటర్ ఎనియాక్‌కు ప్రోగ్రాములు రాసినవాళ్ళు ఆరుగురు ఆడవాళ్ళు. 1984 ప్రాంతంలో అక్కడ కంప్యూటర్ సైన్స్ పట్టాల్లో 37 శాతం ఆడవాళ్ళవి. తర్వాత అది 'మగపిల్లల ఆటవస్తువు' అనే ముద్ర పడి ఆ వాటా సగానికి పడిపోయింది. మన దగ్గర? ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) కౌన్సెలింగ్ వేళ తండ్రులు చెప్పేది వినండి. "అమ్మాయికి మెకానికల్ ఎందుకండీ, ఫీల్డులో తిరగాలి. కంప్యూటర్స్ అయితే ఏసీ గదిలో కూర్చుని చేసుకుంటుంది." అదే సబ్జెక్టు అక్కడ మగది, ఇక్కడ ఆడపిల్లకు క్షేమకరమైనది. రెండు చోట్లా అమ్మాయికి నచ్చిందో లేదో అడగకుండానే తేల్చేశారు.

పోటీ పడే స్వభావం మగవాడిదే అంటారు. 2009లో నీజీ, లెనార్డ్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు ప్రకటించిన ఒక తమాషా పరీక్ష ఉంది. బకెట్టులోకి బంతి విసరాలి. ఒంటరిగా ఆడి తక్కువ డబ్బు తీసుకోవచ్చు, లేదా ఎవరితోనైనా పోటీపడి గెలిస్తే ఎక్కువ తీసుకోవచ్చు. టాంజానియాలో పితృస్వామ్య మసాయి తెగలో పోటీ కోరుకున్న మగవాళ్ళు 50 శాతం, ఆడవాళ్ళు 26. ఆస్తి కూతుళ్ళకు, అందులోనూ కడగొట్టు కూతురికి చెందే మేఘాలయ ఖాసీల్లో మగవాళ్ళు 39, ఆడవాళ్ళు 54.

మన గడ్డ మీదే చూడాలంటే రంగస్థలం ఉంది. కూచిపూడిలో తరతరాలుగా సత్యభామ వేషం కట్టింది మగవాళ్ళే. వేదాంతం సత్యనారాయణ శర్మ జడ విసురు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. స్త్రీ పాత్రలకు పేరుపడ్డ స్థానం నరసింహారావుకు 1956లో పద్మశ్రీ వచ్చింది. నడక, చూపు, సిగ్గు – ఇవన్నీ సాధనతో ఒంటబట్టేవేనని ఆ నటులకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుస్తుంది?

మన తెలుగులోనే ఇవి ఉన్నాయా?

వ్యాకరణం నుంచే మొదలు. రాముడు వచ్చాడు. సీత వచ్చింది. ఆవు వచ్చింది. బస్సు వచ్చింది. ఏకవచనంలో క్రియ మగవాడికి ఒకటి, ఆడమనిషికీ గొడ్డుకీ వస్తువుకీ కలిపి ఒకటి. మన వ్యాకర్తలు మగవాళ్ళను చెప్పే మాటలకు పెట్టిన పేరు మహత్తు, పశువులకూ వస్తువులకూ పెట్టింది అమహత్తు. బహువచనానికి వస్తే 'వచ్చారు' అని ఆడామగా కలిసిపోతారు. వ్యాకరణం వల్లే వివక్ష వచ్చిందని నేననను. కానీ ఐదో తరగతి పిల్ల ఒకతె "టీచర్, నేనూ బస్సూ ఒకటేనా?" అని అడిగితే ఏం చెబుతారో ఆలోచించి పెట్టుకోండి.

సామెతల దగ్గరికొస్తే శాసనం మరీ స్పష్టం. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగవాడిని నమ్మకూడదట. తిరిగి ఆడది, తిరగక మగవాడు చెడతారట. ఉద్యోగం పురుష లక్షణమట. ఒకరికి నవ్వు, ఇంకొకరికి కన్నీరు నిషేధం. ఒకరికి వీధి, ఇంకొకరికి ఇల్లు నిషేధం.

తిట్లలో ఇంకో సంగతి దాగి ఉంది. చెట్లెక్కే అమ్మాయిని 'మగరాయుడు' అంటాం, అందులో సగం ముద్దు ఉంటుంది. మెత్తగా మాట్లాడే అబ్బాయిని 'ఆడంగి' అంటాం, అందులో ముద్దు ఇసుమంత కూడా ఉండదు. చేతికి గాజులు తొడుక్కున్నావా అనడమూ అంతే. పైకెక్కితే చూసీచూడనట్టు పోతాం, కిందికి దిగితే క్షమించం. ఆడతనాన్ని మనం కింద పెట్టామని ఈ తిట్లే సాక్ష్యం చెబుతున్నాయి. ఇక 'మగతనం' అనే మాట లాడ్జీల గోడల మీది పోస్టర్లకు అంకితమైపోయి, మామూలు అర్థంలో వాడటానికే ఇబ్బందిగా మారింది.

వీటివల్ల మగవాళ్ళకు వచ్చిన నష్టమేముంది? లాభమే కదా?

లాభం ఉంది. సాయంత్రం వేడి కాఫీ చేతికొస్తుంది, రాత్రి పదింటికి రోడ్డు మీద భయం లేకుండా నడవొచ్చు. వీటిని చిన్నవనను. నష్టం కూడా ఉంది, అది నిశ్శబ్దంగా ఉంటుంది.

వాండెల్లో, బాసన్ అనే మనస్తత్వవేత్తలు 2008 నుంచి చెబుతున్నదేమిటంటే, చాలా సమాజాల్లో మగతనం అనేది సంపాదించుకోవాల్సినది, ఎప్పుడైనా పోగొట్టుకోగలిగేది. "మగాడివైతే రా" అంటాం. "మీసం తీసేస్తాను" అని పందెం కాస్తాం. వాళ్ళు చేసిన ఒక ప్రయోగంలో కొందరు మగవాళ్ళ చేత బొమ్మ తలకు జడ వేయించారు, ఇంకొందరి చేత తాడు పేనించారు. చేతుల కదలిక ఇంచుమించు ఒకటే. తర్వాత, సంచీని పిడికిలితో గుద్దుతారా, పజిల్ చేస్తారా అని అడిగితే, జడ వేసినవాళ్ళే ఎక్కువగా గుద్దడం ఎంచుకున్నారు. పోయినదేదో తిరిగి తెచ్చుకోవాలన్నట్టు. ఇదే భావన గురించి 62 దేశాల్లో అడిగిన అధ్యయనం 2021లో వచ్చింది. ఆడతనాన్ని మాత్రం ఎవరూ నిరూపించమనరు అంటారు వాళ్ళు. పిల్లలు పుట్టలేదని పేరంటానికి పిలవని ఊళ్ళను చూసినదాన్ని కాబట్టి ఈ ఒక్క మాట దగ్గర నేను పూర్తిగా ఏకీభవించలేను.

మా మేనమామ సంగతి చెబుతాను. ముప్పై ఎనిమిదేళ్ళు ఉద్యోగం చేశాడు, వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళిన మనిషి కాదు. అత్తయ్య పోయిన పధ్నాలుగో రోజున, చుట్టాలందరూ వెళ్ళిపోయాక, నాకు ఫోన్ చేశాడు. "అమ్మాయ్, గ్లాసు బియ్యానికి ఎన్ని గ్లాసులు నీళ్ళు?" చెప్పాను. కాసేపు మాట లేదు. "పోపుల డబ్బా ఎక్కడ పెట్టిందో కనబడటం లేదే" అన్నాడు, గొంతు పూడుకుపోయింది. కర్మలు జరిగిన పదమూడు రోజులూ ఆయన కంట చుక్క నీరు చూడలేదు నేను. అందరూ "ఎంత గుండె నిబ్బరం!" అని మెచ్చుకున్నారు. పోపుల డబ్బా దగ్గర దొరికింది ఆయనకు ఏడ్చే చోటు.

2021లో మన దేశంలో ఆత్మహత్య చేసుకున్న 1,64,033 మందిలో 1,18,979 మంది మగవాళ్ళు. అప్పులు, జబ్బులు, తాగుడు, కుటుంబ తగాదాలు, కారణాలు చాలా ఉంటాయి. వాటన్నిటినీ మగతనం ఖాతాలో వేయకూడదు. కానీ కష్టాన్ని నోటితో చెప్పుకోవడమే చేతకానితనం అని నేర్పిన పెంపకం ఆ కష్టాల్లో ఒక్కదాన్నీ తేలిక చేయదు.

ఆడవాళ్ళకు ఆడవాళ్ళే శత్రువులు అంటారు, నిజమేనా?

ఈ మాటతో తప్పంతా వాళ్ళ మీదే వేసి తప్పుకోవడం తేలిక. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు కారణాలు చదివి, వీటిలో దేనికైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికెళ్ళడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం, ఇలాంటివి. ఏదో ఒకదానికి సబబే అన్న మహిళలు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో ముందు వరసలో ఉన్నది మనమే. ఈ అంకెలు మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

దెబ్బలు తినేవాళ్ళే ఎందుకిలా అంటారు? సమాజశాస్త్రవేత్త డెనిజ్ కాందియోటి 1988లో దీన్ని ఒక బేరంగా వివరించింది. కోడలిగా అణిగి ఉంటే, అత్తగా ఒకరోజు పెత్తనం వస్తుంది. నియమాలు పాటించినందుకు దొరికే రక్షణ అదొక్కటే అయినప్పుడు, ఆ నియమాలు తప్పంటే ఇన్నేళ్ళు భరించిందంతా వృథా అని ఒప్పుకోవాలి. ఎవరికైనా అది పెద్ద బరువే.

ఎదురు నిలిచినవాళ్ళు మనకు కొత్త కాదు. స్త్రీలు అబలలు, తెలివిలేనివాళ్ళు అనే మాట అబద్ధమని చూపడానికే బండారు అచ్చమాంబ (1874–1905) పనిగట్టుకుని ఎందరో స్త్రీల జీవితచరిత్రలు సేకరించి రాసింది. బడి ముఖం చూడకుండా ఇంట్లోనే చదువు నేర్చుకున్న మనిషి ఆమె.

ఆఫీసులో గట్టిగా మాట్లాడితే 'పొగరు' అంటారు, మెత్తగా ఉంటే 'లీడర్ కాదు' అంటారు. ఏం చేయాలి?

మీ లోపం కాదని ముందు తెలుసుకోండి. ఇది రెండువైపులా పదునున్న కత్తి. మంచి నాయకుడంటే మనకు తోచే గుణాలు మగవాడికి కేటాయించినవి. అవి చూపిస్తే ఆడతనం శాసనం మీరినట్టు, చూపకపోతే పనికి తగనట్టు. 2012లో మాస్-రకుసిన్ బృందం అమెరికాలో 127 మంది సైన్సు ప్రొఫెసర్లకు ఒకే దరఖాస్తు పంపింది, కొందరికి జాన్ పేరుతో, కొందరికి జెన్నిఫర్ పేరుతో. జాన్ ఎక్కువ సమర్థుడిగా కనిపించాడు, జీతమూ ఎక్కువ ఇస్తామన్నారు. అలా అన్నవాళ్ళలో మహిళా ప్రొఫెసర్లూ ఉన్నారు.

కాబట్టి ఒంటరిగా స్వభావం మార్చుకోవడం మీద శ్రమ పెట్టకండి. ప్రమోషన్‌కు కొలమానం ఏమిటో రాతలో అడగండి. మీటింగులో మీ ఆలోచన ఇంకొకరి పేరున చలామణీ అయితే, "అది ఆవిడ చెప్పిందే" అనే సహోద్యోగి ఒకరిని కూడగట్టుకోండి. మీరూ ఇంకొకరికి ఆ పని చేయండి.

'అమ్మాయిలకు లెక్కలు రావు' అని వింటే నిజంగానే మార్కులు తగ్గుతాయా?

1999లో స్పెన్సర్, స్టీల్, క్విన్ చేసిన ప్రయోగాల్లో తగ్గాయి. చాలా ఏళ్ళు మేమంతా క్లాసుల్లో అదే చెప్పాం. 2018లో నెదర్లాండ్స్‌లో రెండు వేలమందికి పైగా హైస్కూలు పిల్లల మీద జాగ్రత్తగా మళ్ళీ చేస్తే ఆ ప్రభావం కనిపించలేదు. అందుకే ఇప్పుడు ఆ పాఠం చెప్పేటప్పుడు రెండూ చెబుతాను. ఒక్క పరీక్ష హాల్లో మార్కులు తగ్గినా తగ్గకపోయినా, పదేళ్ళపాటు ఆ మాట వింటూ పెరిగిన పిల్ల ఎంపీసీ బదులు ఇంకేదో తీసుకోవడం మాత్రం నేను చూస్తూనే ఉన్నాను.

మా అబ్బాయి ముగ్గులు వేస్తాడు, బొమ్మలతో ఆడతాడు. భయపడాలా?

అక్కర్లేదు. ఇష్టాలు వేరు, తనను తాను ఆడో మగో అనుకోవడం వేరు, పెద్దయ్యాక ఎవరిమీద ప్రేమ కలుగుతుందన్నది వేరు. ముగ్గు దేన్నీ నిర్ణయించదు. ఒకవేళ పిల్లవాడు రేపు గే అయినా, ట్రాన్స్ అయినా, అది మీ పెంపకం వల్ల రాలేదు, దండిస్తే పోదు. స్వలింగ ఆకర్షణ జబ్బు కాదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ 2018లో స్పష్టంగా ప్రకటించింది. 'మార్చేస్తాం' అనేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళకండి. సంక్రాంతికి వాకిలి ఇవ్వండి, ముగ్గు వేయనివ్వండి.

ఇవన్నీ మారతాయా, లేక మాటల వరకేనా?

మారాయి. పశ్చిమ బెంగాల్‌లో పంచాయతీ పెద్ద పదవుల్లో మూడోవంతు మహిళలకు రిజర్వ్ చేశారు, ఏ ఊరికి ఎప్పుడు వస్తుందన్నది లాటరీలాంటిది. దాంతో పోల్చి చూడటానికి వీలు దొరికింది. 495 ఊళ్ళలో అడిగి 2012లో ప్రకటించిన ఫలితం ఇది. రెండు విడతలు మహిళా నాయకత్వం చూసిన ఊళ్ళలో, కౌమార దశ పిల్లల ఆశయాల్లో ఆడామగా తేడా 32 శాతం తగ్గింది. కొడుకు గురించీ కూతురి గురించీ తల్లిదండ్రులు కనే కలల్లో తేడా కూడా తగ్గింది. ఉపన్యాసం చదివిన గొంతు ఆడదైతే తక్కువ మార్కులేసిన మగవాళ్ళు కూడా, మహిళా నాయకురాలిని చూశాక ఆ తేడా చూపలేదని వేరే అధ్యయనంలో తేలింది. మన రెండు రాష్ట్రాల్లో సగం సీట్లు మహిళలవే. కుర్చీలో భర్త కూర్చునే ఊళ్ళు ఉన్నాయి, నాకు తెలుసు. కుర్చీలో అమ్మను చూసి పెరిగిన ఆడపిల్లలున్న ఊళ్ళూ ఉన్నాయి.

హర్యానాలో 314 ప్రభుత్వ పాఠశాలలను ఎంచుకుని, వాటిలో దాదాపు సగం చోట్ల, ఏడు ఎనిమిది తరగతుల నుంచి మొదలుపెట్టి రెండున్నరేళ్ళపాటు, కొన్ని వారాలకొకసారి ఒక పీరియడ్ ఈ విషయాల మీద చర్చ పెట్టించారు. మిగతా బడులతో పోలిస్తే అక్కడి పిల్లల అభిప్రాయాలు మారాయి. అబ్బాయిలు ఇంటిపని ఎక్కువ చేస్తున్నామన్నారు.

ఇంట్లో పెద్దవాళ్ళు ఒప్పుకోరు. "నలుగురూ ఏమనుకుంటారు?" అంటారు.

ఆ నలుగురినీ ఎప్పుడైనా అడిగారా? సౌదీ రాజధాని రియాద్‌లో పెళ్ళయిన యువకులను కొందరు ఆర్థికవేత్తలు అడిగారు. ఆడవాళ్ళు బయట ఉద్యోగం చేయడం తమకు సమ్మతమేనని అత్యధికులు అన్నారు. మరి మీ చుట్టుపక్కలవాళ్ళు? "వాళ్ళు ఒప్పుకోరు" అన్నారు. ఒకరి మనసు ఒకరికి తెలియక అందరూ అందరికీ భయపడుతున్నారు. అసలు లెక్క చూపించాక భార్యల పేర్లు ఉద్యోగ సేవలో నమోదు చేయించినవాళ్ళు 23 శాతం నుంచి 32 శాతానికి పెరిగారు.

అత్తగారితో వాదన పెట్టుకోమని నేను చెప్పను. భోజనాల దగ్గర కంచాలు తీయడం మొదలుపెట్టమని మీ ఆయనకు, మీ అబ్బాయికి చెప్పండి, అదీ చుట్టాలు ఉన్నప్పుడే. అబ్బాయి గిన్నెలు కడిగితే "అమ్మకు సాయం చేశాడు" అనకండి, తిన్న కంచం కడుక్కున్నాడు అంతే. అమ్మాయి నవ్వితే అదిలించకండి. వాడు ఏడిస్తే పక్కన కూర్చోండి. మా మామయ్య ఇప్పుడు చారు బాగా పెడతాడు, ఉగాదికి నన్ను భోజనానికి పిలిచాడు. మనవడు పక్కన స్టూలెక్కి ఆవాలు చిటపటమంటుంటే లెక్కపెడుతున్నాడు.

మనసు బరువుగా ఉన్న మగవాడు ఎవరితో మాట్లాడాలి?

ముందు నమ్మకమైన ఒక్క మనిషితో. అలాంటివాళ్ళు లేరనిపిస్తే, లేదా చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే, టెలి మానస్ నంబరు 14416. పగలూ రాత్రీ ఎప్పుడైనా, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు. ఆడవాళ్ళకూ అదే నంబరు. ఏం చెప్పాలో తెలియకపోతే "ఏం చెప్పాలో తెలియడం లేదండీ" అనే మొదలుపెట్టండి.